వ్రాయలేని చేయి – లెక్క తెలిసిన బుద్ధి

మనదేశమున విద్య యనగానే ముందుగా మనస్సునకు తోచునది వ్రాత. బిడ్డకు అయిదవయేడు వచ్చినతోడనే పళ్లెరములో బియ్యము పోసి, ఆ చిన్నివ్రేలు పట్టుకొని ఓనమాలు దిద్దింతుము. చదువుకొన్నవా డనుటకు మాఱుగా ‘నాలుగక్షరము లెఱిగినవాడు’ అందుము. తుదకు మనుష్యుని యదృష్టమునుగూడ ‘తలవ్రాత’ యనియే పిలుచుచున్నాము. ఇట్లు వ్రాతయు విద్యయు ఒక్కటే యను భావము మనలో వేళ్లూనినది. అందుచేత వ్రాయలేనివాడు తెలివిలేనివా డని తీర్పు చెప్పుటకు మనకు క్షణమైనను పట్టదు. ఈ తీర్పు న్యాయమైనదా, దీనినిగూర్చి చరిత్ర యేమి చెప్పుచున్నది, అను విషయమును, గణితమును ప్రకృతిశాస్త్రములను ముఖ్యముగ దృష్టియందుంచుకొని, ఈ వ్యాసమున విచారింప దలచితిమి. ఇందులకు మాకు గల యధికారము పాండిత్యము కాదు. మేము చేసిన తప్పు.

2008వ సంవత్సరమున అనంతపురము జిల్లాలోని యొక పాఠశాలలో మేము పని చేయుచుంటిమి. సంస్కృతాంగ్లములు చదివిన మేము, ఉపాధ్యాయుల కొఱతచేత, తొమ్మిదవ తరగతికి గణితమునుగూడ చెప్పవలసివచ్చెను. ఆ తరగతిలో ఒక వేరుసెనగ రైతు కుమారుడు ఉండెను. వాని పుస్తకము చూచినచో కోపము వచ్చునట్లుండెడిది. అంకె లొకదానిపై నొకటి యెక్కుచుండెడివి; వరుస లేటవాలుగా జాఱుచుండెడివి; అర్ధపుట వ్రాయునప్పటికి వ్రేళ్లు బిగిసి బలపమును నొక్కుచున్నట్లు కలమును నొక్కుచుండెను. ఒకనాడు మేము, “బస్తా 850 రూపాయల వంతున 36 బస్తాల బుడ్డలు అమ్మిన నెంత వచ్చును?” అని తరగతి నడిగితిమి. తక్కినవారు కలములు తీయుచుండగనే వాడు లేచి, “30,600, సార్” అనెను. ఎట్లు చేసితి వని యడుగగా, “వెయ్యి వంతున నయితే 36,000, బస్తాకు నూటయేబది ఎక్కువ వేసితిని గదా, అది 5,400, తీసివేసితిని” అని చెప్పెను. ఆ లెక్కనే అర్ధసంవత్సర పరీక్షలో వాడు కాగితముపై 30,060 అని వ్రాసెను. మేము దానిని కొట్టివేసి సున్న వేసితిమి. పుస్తకముపై ‘అశ్రద్ధ’ అని యెఱ్ఱసిరాతో వ్రాసితిమి. ఆ వేసవిలో వాని కుటుంబము కూలికై బెంగుళూరికి పోయెను. వాడు మరల బడికి రాలేదు. వాన లేక పోయిన బిడ్డలు మా సీమలో చాలమంది గలరు. కాని వీడు వాన లేకనే పోయెనా, మేము వేసిన సున్నవలనగూడ పోయెనా, అను సందేహము మమ్ము నేటికిని వదలలేదు.

ఈ సందేహమే మమ్ము పాతకాగితముల వైపు మరల్చినది. నేటి అనంతపురము, గుత్తి, తాడిపత్రి, ధర్మవరము, పెనుకొండ ప్రాంతములు 1882 వరకు బళ్లారిజిల్లాలోనివి. 1800లో నైజాము ఈ దత్తమండలములను కుంపిణీవారి కిచ్చినపిమ్మట ఇచ్చట కలెక్టరుగా నుండిన తామస్ మన్రో, తరువాత మదరాసు గవర్నరై, 1822లో రాజధానియందలి దేశీయపాఠశాల లన్నిటి లెక్క తీయుడని యుత్తరువు చేసెను. దానికి ప్రత్యుత్తరముగా బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక చదువదగినది. అప్పటి జిల్లా జనసంఖ్య 9,27,857, పాఠశాలలు 533, విద్యార్థులు 6,641 మంది. పాఠశాలలలో కన్నడపువి 235, తెలుగువి 226. తక్కినవి మరాఠీ, పారసీ, అరవము, సంస్కృతము మున్నగువానివి. బాలికలు 60 మంది మాత్రమే. దాదాపు పదిలక్షల జనములో ఏడువేలమందియైన బడికి పోని యా స్థితిని స్వర్ణయుగ మని మేము చెప్పబోము. ఆడుబిడ్డలకు దాదాపుగ చోటే యీయని బడిని పొగడుట మాకు చేతకాదు. కాని ఆ బడిలో లెక్క నేర్పిన విధము మాత్రము మనము గమనింపవలసియున్నది.

ఆ నివేదిక ప్రకారము, బాలుడు ముందు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. తరువాత గుడ్డకు గంజియు బొగ్గును పట్టించి మడతలు పెట్టిన కడితముపై బలపముతో వ్రాయును. కాని లెక్కలు మాత్రము నోటిలో నుండవలెను. దినమునకు రెండుమాఱులు బాలు రందఱును వరుసలుగా నిలువబడి, పెద్దవిద్యార్థి చెప్పుచుండగా, ఎక్కములను, కొలతలను, తూనికలను, భిన్నములను ఏకకంఠముగ వల్లింపవలెను. ఆ భిన్నములు పదులచొప్పున గాక నాలుగులచొప్పున దిగుచుండెడివి: ఒకటి, పావు, వీసము, అటుపిమ్మట దానిలో నాలుగవవంతు. సంతలో కాసుల లెక్క చూచుకొనవలసిన బిడ్డకు అదియే యక్కఱకు వచ్చునది. పెద్దవారు చిన్నవారికి చెప్పు నీ పద్ధతి మెచ్చదగిన దనియు, దీనిని ఇంగ్లండు అనుకరించుట యుక్తమే యనియు క్యాంబెల్ వ్రాసెను. ఆయన మాటకు మూలమున్నది. మదరాసు ఎగ్మూరునందలి సైనికుల యనాథబాలుర శాలకు పెద్దగానున్న ఆండ్రూ బెల్, నాటి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. అది ‘మదరాసు పద్ధతి’ యను పేర పశ్చిమదేశముల వ్యాపించినది.

అదే నివేదికలో మఱియొక సంగతియు నున్నది. ఉదయమున మొదట వచ్చిన బాలుని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవాని యరచేతిలో సున్న చుట్టుదురట, పొగడ్తకును తెగడ్తకును చెందనివా డని. మూడవవానికి ఒకదెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వరుసగా నొక్కొక్కటి హెచ్చు. సోమరులని తోచినవారిని చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుదురు. కోదండమని మన తాతలు చెప్పుకొన్నది ఇదియే. అనగా నోటిలెక్క తెలిసినవానికి ఆ బడిలో చోటుండెను. చేయి తిరుగనివా డేల తిరుగలేకున్నాడో విచారించు నోపిక మాత్రము లేదు. ఈ రెండును మన వారసత్వమే. మొదటిదానిని విడిచితిమి, రెండవదానిని నిలుపుకొంటిమి.

ఇంకను వెనుకకు పోదము. మన పూర్వులు గణితమునకు పాటీగణిత మనియు, ధూళికర్మ మనియు పేళ్లు పెట్టిరి. పాటి యనగా పలక. ధూళి యనగా దుమ్ము. పలకపై దుమ్ము పఱచి, వ్రేలితో నంకె వేసి, పని తీరగానే చెఱిపివేయుటయే వారి పద్ధతి. అరబ్బులును ఇట్టిలెక్కను దుమ్ములెక్క యనియే పిలిచిరి. మిగులవలసినది ఫలము గాని వ్రాత కాదు. సూత్రములో, శ్లోకములుగ కంఠమున నుండెడివి. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును, పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగుపద్యములలోనికి మార్చెను. మన భాషలో మొదటి గణితగ్రంథము పద్యకావ్యమగుట వింత గాదు. నోట నిలుచుటకై అది పద్యమైనది. ఇక పల్లెలలో వ్రాత యొక్కనిది, లెక్క యందఱిది. వ్రాయుటకు కరణ ముండెను. రాజులయొద్ద వ్రాయసకాం డ్రుండిరి. 1984లో ఆంధ్రప్రదేశమున కరణముల పదవులు రద్దగువఱకు, వ్రేలిముద్ర వేయు రైతు తన వడ్డీని, పంటను, కౌలును నోటితో లెక్కించి, కరణము వ్రాసినది తప్పయిన తప్పని చెప్పగలుగుచుండెను. ఆ రైతును గణితము రానివా డని యెవ్వరందురు?

వ్రాతయే కొలమాన మగుట యిటీవలి మాట. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితపరీక్ష సయితము మొదట నోటివాదముగనే యుండి, పదునెనిమిదవ శతాబ్దములో క్రమముగా కాగితముపైకి మాఱినది. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడినతోడనే ఆ కాగితము మనకును వచ్చినది. వేలకొలది విద్యార్థులను ఒక్కదినమున, ముఖము చూడకుండ, పక్షపాతము లేకుండ పరీక్షించుటకు వ్రాతపరీక్ష మేలైన సాధనమే. కులము చూడని సాధన మగుటచేత సంస్కారప్రియులకు అది ప్రియమైనదిగూడను. కాని ఏ సాధనమునకైనను ఒక గ్రుడ్డిప్రక్క యుండును. బుద్ధిని కొలువబోయి ఇది చేతిని కొలుచుచున్నది.

కొందఱి చేయి యేల తిరుగదు? ఈ ప్రశ్నకు వైద్యులు నూటయేబదియేండ్లుగా సమాధానము వెదకుచున్నారు. 1860ల నాటికే, మెదడునకు దెబ్బ తగిలినవారు మాటలాడగలిగియు వ్రాయలేకపోవుటను వారు గుర్తించిరి. 1924లో వియన్నా వైద్యుడు జోసెఫ్ గెర్స్ట్‌మన్, తన వ్రేళ్లను తానే యేది యేదో గుర్తింపలేని రోగిని వర్ణించెను. తరువాతి సంవత్సరములలో అట్టివారియందు వ్రాతలోపము, లెక్కలోపము, కుడియెడమల తికమక కూడియుండుటను చూపెను. దెబ్బ యేమియు తగులకయే, పుట్టుకతోడనే, కొందఱు బిడ్డలకు వ్రాత కష్ట మగుచుండుట తరువాత స్పష్టమైనది. దీనిని డిస్‌గ్రాఫియా యందురు. మనము వ్రాతలోపము అందము. ఇట్టిబిడ్డకు మనస్సులోని యక్షరము చేతిలోనికి దిగుట యొక పెద్దపని. మన చేయి మనకు తెలియకయే వ్రాయును. వానిచేయి ప్రతిగీతకును వాని యాజ్ఞ కోరును. ఆ యాజ్ఞ లిచ్చుటలో మనస్సు అలసి, చేయుచున్న లెక్క జాఱిపోవును. ఇది సోమరితనము గాదు, మందబుద్ధి గాదు. బెత్తముతో కుదురునది యంతకన్నను గాదు.

ఇచ్చట మహాత్మాగాంధి మాటను తలచుకొనకుండ పోజాలము. చెడ్డచేతివ్రాత అసంపూర్ణవిద్యకు చిహ్న మని ఆయన తన యాత్మకథలో వ్రాసియున్నాడు. తన వ్రాత బాగులేదని సిగ్గుపడి చెప్పిన మాట యది. ఎంతోమంది యుపాధ్యాయులు దానిని గోడలపై వ్రాయించిరి; మేమును వ్రాయించితిమి. ఆయన తనను తాను నిందించుకొనుటకు చెప్పినదానిని మనము బిడ్డలను నిందించుటకు వాడుకొంటిమి. అక్షరములకు ముందు బొమ్మలు గీయుట నేర్పవలెనని ఆయన యచ్చటనే చెప్పిన యుపాయమును మాత్రము గోడ కెక్కింపలేదు.

చేయి గాని కన్ను గాని సహకరింపనివారు గణితమున రాణింపలే రనుట చరిత్రకు విరుద్ధము. నికొలస్ సాండర్సన్ (1682–1739) ఏడాదిబిడ్డయై యున్నప్పుడే మశూచికముచే కండ్లు పోగొట్టుకొనెను. పలకకు రంధ్రములు చేసి, వానిలో గుండుసూదులు గుచ్చి, తడవి లెక్క చేయు పరికరమును కల్పించుకొనెను. 1711లో కేంబ్రిడ్జిలో, న్యూటను కూర్చున్న గణితాచార్యపీఠముననే కూర్చుండెను. ఆయిలరు 1766 తరువాత ఇంచుమించుగా చూపు కోల్పోయియు, 1783లో మరణించువఱకు చెప్పి వ్రాయించుచునే యుండెను. ఆయన తన బీజగణితమును దర్జీపని నేర్చిన యొక పనివానిచేత వ్రాయించె ననియు, వ్రాయుచు వ్రాయుచు ఆ పనివాడును బీజగణితము నేర్చె ననియు చెప్పుదురు. చూపులేని యమెరికా గణితజ్ఞుడు ఏబ్రహాం నెమెత్, 1952లో గణితమునకు తగిన బ్రెయిలులిపిని ప్రకటించుటయేగాక, సమీకరణములను అనుమానమునకు తావులేకుండ నోటితో చెప్పు నియమములనుగూడ ఏర్పఱచెను.

దూరదేశము లేల? కృష్ణాజిల్లాలో మచిలీపట్టణము దగ్గఱి సీతారామపురమున పుట్టిన శ్రీకాంత్ బొల్లా జన్మాంధుడు. పదవతరగతి ముగిసినపిమ్మట గణిత ప్రకృతిశాస్త్రములు చదువబోగా, పటములు, రేఖాచిత్రములు గల యా శాస్త్రములు చూపులేనివారికి తగవని నాటి నియమ మడ్డుపడినది. ఉపాధ్యాయుల తోడ్పాటుతో ఆయన న్యాయస్థానము నాశ్రయించి, తనకేగాక తనవంటివా రందఱికిని ఆ తలుపు తెఱిపించెను. పాఠములు ధ్వనిరూపమున విని చదివి, 98 శాతము మార్కులు పొంది, అమెరికాలోని ఎం.ఐ.టి.కి పోయెను. నేడు పారిశ్రామికుడు. మా జిల్లాలోను, 1969లో విన్సెంట్ ఫెర్రర్ ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ చూపు, వినికిడి లేని బాలలకొఱకు పాఠశాలలు నడిపినది. కంటికి కనబడు లోపమునకు లోకము కొంత కొంత దారి యిచ్చుచున్నది. వ్రాతలోపము కంటికి కనబడదు. అందుచేత దానికి దొఱకినది బెత్తమే.

చట్టము మేల్కొనుటకును చాలకాలము పట్టినది. మహారాష్ట్ర ప్రభుత్వము 1996లో అభ్యసనలోపములు గల విద్యార్థులకు పరీక్షలలో సౌకర్యము లిచ్చుటకు పూనుకొన్నది. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చి, 21 విధములైన వైకల్యములలో అభ్యసనలోపములను చేర్చి, అందు వ్రాతలోపమును పేరెత్తి చెప్పినది. 2018 ఆగస్టులో వెలువడిన కేంద్రప్రభుత్వ నియమములు, 40 శాతమునకు తగ్గని వైకల్యము గల యర్హులకు వ్రాయసకానిని, గంటకు 20 నిమిషములకు తక్కువగాని యదనపుకాలమును విధించినవి. ఈ మేర చేరనివారి సంగతి యేమి? వ్రాయునప్పుడు వ్రేళ్లు కొంకర్లు పోవు నొక సివిలు సర్వీసు అభ్యర్థికి వ్రాయసకానిని నిరాకరింపగా, సుప్రీముకోర్టు 2021 ఫిబ్రవరి 11వ తేదీన అట్టివారికిని ఆ హక్కు గల దని తీర్పు చెప్పినది. ఆ సంవత్సరమే వైద్యవిద్యా ప్రవేశపరీక్షలో, వ్రాతలోపము గల యొక బాలికకు రావలసిన గంట యదనపుకాలమును ఈయలేదు. నవంబరు 23వ తేదీన అదే న్యాయస్థానము అది యన్యాయమని నిర్ణయించి, దానిని సవరించు మార్గము ఆలోచింపుడని పరీక్షాధికారులను ఆజ్ఞాపించినది. 2022 ఆగస్టు 10వ తేదీన, 40 శాతముకన్న తక్కువ వైకల్యముండి వ్రాయుటలో కష్టపడువారికిని నియమము లేర్పడినవి. అయినను చట్టము ఢిల్లీలో నున్నది. బిడ్డ పెనుకొండలో నున్నాడు. నడుమ నుండువారము మనము.

వ్రాయసకాని నిచ్చినంతమాత్రాన గణితమున పని తీరదు. చరిత్రపాఠమును చెప్పి వ్రాయించుట సులభము. “రెండు ప్లస్ మూడు బై అయిదు” అని బాలుడు చెప్పినచో, రెండును మూడును కలిపి అయిదుచే భాగింపవలెనా, అప్పుడు ఫలము 1. లేక రెండునకు అయిదింట మూడువంతులు కలుపవలెనా, అప్పు డది రెండుమీద అయిదింట మూడు. రసాయనశాస్త్రమున “సీ, ఓ” అన్నప్పుడు రెండును పెద్దయక్షరములైన కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు. రెండవది చిన్నదైన కోబాల్టు అను లోహము. కావున చెప్పువాడును వ్రాయువాడును ముందుగా కలిసి యభ్యాసము చేయవలెను. ‘కుండలీకరణము తెఱువుము, మూయుము, లవము, హారము, పెద్దది, చిన్నది’ అను మాటలు వారిరువురికి నొప్పందముగ నుండవలెను. నెమెత్ చేసిన పని యిదియే.

వ్రాయసకాడు దొఱకనిచోటగూడ చేయదగినవి యున్నవి. వానికి ఖర్చు స్వల్పము. 47ను 36చే గుణించునప్పుడు 282 క్రింద 141ని ఒకస్థానము ఎడమకు జరిపి వ్రాయవలెను. అప్పుడు 1,692 వచ్చును. వరుస తప్పి తిన్నగా వ్రాసినచో 423 వచ్చును. బాలునికి గుణకారము రాక కాదు, అంకె చోటు తప్పుటచేత. గడులు గీసిన పుస్తకమున గడి కొక యంకె వేయించిన నీ తప్పు చాలవఱకు పోవును. పటము గీయు మనుటకు మాఱుగా, అచ్చువేసిన పటమిచ్చి, గుండెలోని గదుల పేళ్లు చూపు మనవచ్చును. ప్రయోగశాలలో చేసి చూపుట వానిపని, చూచిన కొలతలను వ్రాయుట తోడివానిపని యని పంచవచ్చును. నల్లబల్లమీది లెక్కను ఎక్కింపు మని పీడింపక ముద్రితపత్ర మీయవచ్చును. సందేహమున్నచోట నోటితో అడిగి, ఆలోచనకు మార్కు లీయవచ్చును. ఇంటిలో తల్లిదండ్రులు చేయవలసిన దొకటే: బిడ్డ చెప్పునది ముందు విని, తరువాత పుస్తకము చూచుట.

“ఇది పక్షపాతము గాదా?” అని కొందఱు మిత్రులు మమ్మడిగిరి. బుడ్డలు కొనువాడు కాయ వలిచి గింజ చూచును గాని గోనెసంచి కుట్టును చూచి వెల కట్టడు. గణితపరీక్ష గణితమును కొలుచుటకు. చేతివ్రాత కొలువదలచినచో వేఱుగా కొలువుడు. “అట్లయిన దిద్దుట మానిపింపవలెనా?” అని మఱికొందఱు. వలదు. దిద్దింపుడు, బొమ్మలు గీయింపుడు, ఇసుకలో వ్రేలాడింపుడు. కాని ఆ సాధనకు వేఱొక వేళ యుండవలెను. ఎవనికి లోపమున్నది, ఎవనికి అభ్యాసము చాలలేదు అను నిర్ణయమును తగిన పరీక్షలచే నిపుణులు చేయవలెను. వారు పట్టణములలో నున్నారు. మా పల్లెలకు దూరము. ఆ పత్రము చేతికి వచ్చువఱకు బిడ్డను సోమరి యనకుండుటకు మాత్రము ఏ నిపుణుడును, ఏ ప్రభుత్వపుటుత్తరువును అక్కఱలేదు.

సంవత్సరమునకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమ మాది. చినుకు వృథా పోయిన మేము దుఃఖింతుము. దానిని నిలుపుటకు కుంటలు త్రవ్వుదుము, కట్టలు వేయుదుము. బుద్ధి కలిగిన బిడ్డ బడినుండి జాఱిపోయినప్పుడు ఆపాటి దుఃఖమైనను మాకు కలుగదేల? ఇప్పుడు మా తరగతిలో మఱియొక బాలిక యున్నది. ఆమె యంకెలును వరుస తప్పును. ఆమెకు గడుల పుస్తకమిచ్చితిమి; వారమునకు రెండుదినములు లెక్కలు నోటితో చెప్పించుచున్నాము. మొన్న ఒక తప్పు మాదని ఆమెయే చూపినది. అది మాకు సంతోషమే. కాని దానిచే 2008లో వేసిన సున్న చెఱిగిపోలేదు.

వీధిబడిలో రెండవవాని యరచేత చుట్టిన సున్న సాయంకాలమునకు చెమటతో చెఱిగిపోయెడిది. కాగితముమీది సున్న చెఱుగదు. కావున దానిని వేయుటకు ముందు, చేతిలోని యెఱ్ఱకలమును ఒక్కక్షణము ప్రక్కన పెట్టి, “నీ వెట్లు చేసితివో చెప్పుము” అని బిడ్డ నడుగుటను ప్రతి యుపాధ్యాయుడును, ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు నలవాటు చేసికొందురుగాక యని కోరుచున్నాము.